ఈ సినిమా ఎవరిది?
చిత్రపరిశ్రమల గుర్తింపు, మనుగడ పోరాటం: బ్రిటన్, తెలుగునాడు, బస్తర్



జగదల్‌పూర్ నుంచి దక్షిణంగా సుక్మా వైపు వెళ్ళే జాతీయ రహదారిలో, దర్భా లోయ దాటాక తోంగ్‌పాల్ అనే ఊరు వస్తుంది. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో, పాత బస్తర్ నేలలో ఉన్న ఊరు ఇది. అదే దారి పట్టుకుని ఇంకా కిందికి వెళితే శబరి నది పక్కన కొంటా, ఆ తర్వాత చింతూరు వస్తాయి. అక్కడి నుంచి తెలుగు నేల మొదలవుతుంది. తోంగ్‌పాల్ చుట్టుపక్కల పల్లెల్లో గోండీ, ధుర్వా, హల్బీ భాషలు వినిపిస్తాయి. బడిలో పాఠం హిందీలో ఉంటుంది.

అక్కడ చదువుకునే ఒక విద్యార్థిని ఊహించుకోండి. సెలవు రోజున అతను ఫోన్‌లో సినిమా చూడాలనుకున్నాడు. హిందీ సినిమా దొరుకుతుంది. హిందీలోకి డబ్బింగ్ చేసిన తెలుగు సినిమా దొరుకుతుంది. ఇంగ్లీషు సినిమా కూడా దొరుకుతుంది. ఇంట్లో నాయనమ్మతో తాను మాట్లాడే భాషలో మాత్రం సినిమా దొరకడం చాలా కష్టం. ఎందుకు? ఆ భాషలో కథలు లేకనా? కాదు. మరి ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే, ఒక జాతికి సొంత సినిమా ఎలా ఏర్పడుతుంది, ఏర్పడ్డాక నిలబడటానికి ఎందుకు పెనుగులాడుతుంది అన్నది తెలుసుకోవాలి. అందుకోసం ఈ ప్రసంగంలో రెండు పరిశ్రమల చరిత్రను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి బ్రిటిష్ సినిమా, రెండోది మన తెలుగు సినిమా. చివరికి మళ్ళీ తోంగ్‌పాల్‌కే వద్దాం.

ముందుగా నాలుగు ప్రశ్నలు మీ నోటుపుస్తకంలో రాసుకోండి. ఏ సినిమా గురించైనా ఇవి అడగవచ్చు.

1. పెట్టుబడి ఎవరిది?
2. పని ఎక్కడ జరిగింది?
3. భాష, కథ ఎవరివి?
4. దాన్ని ప్రేక్షకుడి దాకా చేర్చేది ఎవరు?

ఈ నాలుగింటికీ ఒకే జవాబు వస్తే ఆ సినిమా ఎవరిదో చెప్పడం తేలిక. జవాబులు వేరువేరుగా ఉన్నప్పుడే చిక్కు వస్తుంది. సినీ పరిశ్రమల పోరాటాలన్నీ ఆ చిక్కులోంచి పుట్టినవే.

ఇల్లు ఉంది, కంచె లేదు

బ్రిటన్‌తో మొదలుపెడదాం. ఒక సామ్రాజ్యాన్ని ఏలిన దేశం, సినిమా కనిపెట్టిన తొలి రోజుల నుంచీ ఆ రంగంలో ఉన్న దేశం. షేక్‌స్పియర్ నాటక సంప్రదాయం ఉంది, నటులు ఉన్నారు, స్టూడియోలు ఉన్నాయి. అయినా మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ దేశపు థియేటర్లలో ఆడేవి ఎక్కువగా అమెరికా సినిమాలే. 1920ల నడుమకు వచ్చేసరికి బ్రిటన్‌లో ప్రదర్శించిన సినిమాల్లో స్వదేశీ చిత్రాల వాటా దాదాపు 5 శాతానికి పడిపోయింది.

కారణం ఏమిటి? హాలీవుడ్‌కు తన దేశంలోనే పెద్ద మార్కెట్ ఉంది. సినిమాకు పెట్టిన ఖర్చు అక్కడే రాబట్టుకుని, బయటి దేశాలకు చౌకగా అమ్మగలదు. టాకీలు వచ్చాక ఇంకో సంగతి తోడయింది. అమెరికా సినిమా మాట్లాడేది కూడా ఇంగ్లీషే. ఫ్రాన్సుకో, జర్మనీకో ఉన్నట్టు భాష అనే కంచె బ్రిటన్‌కు లేదు. పొరుగువాడి పశువులు నేరుగా చేలోకి వచ్చి మేశాయి.

ప్రభుత్వం చట్టంతో కంచె కట్టాలని చూసింది. 1927 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం థియేటర్లు కొంత వాటా బ్రిటిష్ సినిమాలు ఆడి తీరాలి. మొదట 5 శాతం. 1936 నాటికి అది 20 శాతానికి పెరగాలి. ఫలితం ఏమైంది? సినిమాల సంఖ్య పెరిగింది. కానీ అమెరికా కంపెనీలు తమ కోటా లెక్క పూర్తి చేసుకోవడానికి బ్రిటన్‌లో చవకగా, హడావిడిగా సినిమాలు తీయించాయి. వీటిని ‘కోటా క్విక్కీలు’ అని ఎగతాళి చేసేవారు. ఆ కాలంలోనే బ్రిటిష్ సినిమాకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’ 1933లో వచ్చింది. దాన్ని తీసిన అలెగ్జాండర్ కోర్డా హంగరీ దేశస్థుడు! అంటే దర్శకుడి పుట్టుక సినిమా గుర్తింపును తేల్చదని అప్పుడే రుజువైంది.

1947 ఆగస్టులో ఇంకో ప్రయత్నం జరిగింది. విదేశీ మారకద్రవ్యం కొరతలో ఉన్న బ్రిటన్ ప్రభుత్వం అమెరికా సినిమాల మీద 75 శాతం సుంకం వేసింది. హాలీవుడ్ కొత్త సినిమాలు పంపడం ఆపేసింది. ఆ ఖాళీని నింపాలని జె. ఆర్థర్ ర్యాంక్ వంటి నిర్మాతలు పెద్ద ఎత్తున చిత్రాలు మొదలుపెట్టారు. 1948 మార్చిలో రాజీ కుదిరి సుంకం పోయింది. అప్పటిదాకా ఆగిన అమెరికా సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. బ్రిటిష్ నిర్మాతలు దారుణంగా నష్టపోయారు.

1950లో ‘ఈడీ లెవీ’ వచ్చింది. టిక్కెట్ డబ్బులో కొంత భాగం ఒక నిధికి చేరి, అక్కడి నుంచి బ్రిటిష్ సినిమా నిర్మాతలకు వాటి వసూళ్ళను బట్టి అందేది. మంచి ఆలోచనే. అయితే ‘బ్రిటిష్ సినిమా’ అంటే ఏది? బ్రిటన్‌లో నమోదైన కంపెనీ, ప్రధానంగా బ్రిటిష్ పనివారితో తీసినది. ఈ నిర్వచనం వల్ల అమెరికా కంపెనీలు కూడా బ్రిటన్‌కు వచ్చి సినిమాలు తీసి ఆ నిధిలో వాటా తీసుకున్నాయి. 1962లో వచ్చిన మొదటి జేమ్స్‌బాండ్ చిత్రం ‘డాక్టర్ నో’ ఇలాంటిదే. కథానాయకుడు బ్రిటిష్ గూఢచారి, పని జరిగింది పైన్‌వుడ్ స్టూడియోలో, పెట్టుబడి అమెరికాది. 1960ల చివర అమెరికా కంపెనీలు నష్టాల్లో పడి వెనక్కి తగ్గేసరికి బ్రిటిష్ పరిశ్రమ కాళ్ళకింద నేల కదిలిపోయింది. 1946లో ఏడాదికి 160 కోట్లు దాటిన టిక్కెట్ల అమ్మకం, టెలివిజన్ రాకతో ఏటేటా తగ్గి, 1984లో దాదాపు 5 కోట్ల 40 లక్షలకు చేరింది. మరుసటి ఏడాది ఈడీ లెవీని కూడా రద్దు చేశారు.

అప్పుడు ఆదుకున్నది ఎవరో తెలుసా? ప్రేక్షకుల్ని లాక్కుపోయిందని అందరూ నిందించిన టెలివిజనే. 1982లో మొదలైన చానెల్ ఫోర్ తక్కువ ఖర్చు సినిమాలకు డబ్బు పెట్టింది. లండన్‌లోని పాకిస్తానీ కుటుంబాల జీవితాన్ని చూపిన ‘మై బ్యూటిఫుల్ లాండ్రెట్’ 1985లో అలా వచ్చినదే. బ్రిటన్ అంటే ఎవరు అన్న ప్రశ్నకు ఆ సినిమా కొత్త జవాబు చెప్పింది.

బ్రిటన్ కథను ఒక్క మాటలో గుర్తుపెట్టుకోండి: ఇల్లు ఉంది, కంచె లేదు.

ఈ కథలో మన పాత్ర

ఇక్కడ మనకు సంబంధించిన ఒక ఆసక్తికరమైన ఘట్టం ఉంది. 1920లలో బ్రిటన్ ఒక్కటే హాలీవుడ్‌ను తట్టుకోలేదు కాబట్టి, సామ్రాజ్యంలోని దేశాలన్నీ ‘సామ్రాజ్య చిత్రాలకు’ ప్రాధాన్యం ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది. 1927లో భారత ప్రభుత్వం మద్రాసు న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారి అధ్యక్షతన ఒక సినిమా విచారణ సంఘాన్ని వేసింది. ఆ సంఘం దేశమంతా తిరిగి సాక్ష్యాలు సేకరించి 1928లో నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ సినిమాలకు ప్రత్యేక ప్రాధాన్యం అక్కర్లేదని, సాయం కావలసింది భారతీయ సినిమాకేనని తేల్చింది. అప్పులకు నిధి వంటి సిఫార్సులు చేసింది. ప్రధాన సిఫార్సులు అమలు కాలేదు. అయినా ఒక మాట రికార్డుకెక్కింది. అమెరికా నీడ గురించి బ్రిటన్ ఏ వాదన చేసిందో, అదే వాదనను బ్రిటన్ నీడ గురించి ఇండియా వినిపించింది.

ఈ సూత్రం గుర్తుంచుకోండి. నీడలో ఉన్నవాడు కూడా తన కింద ఉన్నవాడికి నీడ కాగలడు. మనకు ఇది మళ్ళీ అవసరమవుతుంది.

కంచె ఉంది, ఇల్లు లేదు

తెలుగు సినిమాకు వద్దాం. బ్రిటన్‌కు లేని కంచె తెలుగుకు పుట్టుకతోనే ఉంది. అదే భాష. టాకీ వచ్చాక తెలుగు పద్యం, తెలుగు మాట కావాలంటే ప్రేక్షకుడు తెలుగు సినిమాకే రావాలి. మరి తెలుగుకు లేనిదేమిటి? సొంత గూడు.

మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ 1910 ప్రాంతంలో బొమ్మల ప్రదర్శనలు మొదలుపెట్టారు. మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో మూకీ చిత్రం ‘భీష్మప్రతిజ్ఞ’ తీశారు. అదీ మద్రాసులోనే. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి తీసింది బొంబాయిలో. అది 1932లో విడుదలైంది. తెలుగు గడ్డ మీద స్టూడియో కట్టాలని ప్రయత్నించినవారు లేకపోలేదు. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ నెలకొల్పి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. ఆ స్టూడియో ఎక్కువ కాలం నిలవలేదు.

ఎందుకు నిలవలేదో ఆలోచించండి. సినిమా ఒక్క కెమెరాతో తయారయ్యేది కాదు. ఫిలిం కడిగే లేబొరేటరీ కావాలి. శబ్దగ్రహణం, ఎడిటింగ్, సెట్లు వేసే వడ్రంగులు, వాద్యబృందాలు, మేకప్ వారు, డాన్సర్లు కావాలి. వీటిలో ఒకటి లేకపోయినా షూటింగ్ ఆగిపోతుంది. అన్నీ ఉన్న చోటు మద్రాసు. తమిళ, తెలుగు చిత్రాలు రెండింటికీ పని దొరుకుతుంది కాబట్టి అక్కడి స్టూడియోలకు ఏడాది పొడవునా తీరిక ఉండేది కాదు. వాహినీ స్టూడియోలో విజయా వారు తీసిన ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) రెండు భాషల్లోనూ తయారయ్యాయి. తెలుగు సినిమా స్వర్ణయుగం అని మనం చెప్పుకునేది మద్రాసు వడపళని వీధుల్లో పుట్టింది.

మరి డబ్బు? విజయవాడ వంటి ఊళ్ళలోని డిస్ట్రిబ్యూటర్లు ముందుగా అడ్వాన్సులు ఇచ్చేవారు. ఆ డబ్బుతో మద్రాసులో సినిమా పూర్తయ్యేది. తెలుగు పల్లెల్లో నేల టిక్కెట్టు కొన్నవాడి అణాలే మళ్ళీ డిస్ట్రిబ్యూటర్‌కు చేరేవి. మన నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. పెట్టుబడి తెలుగువారిది. భాష తెలుగు. పంపిణీ తెలుగువారిది. పని మాత్రం ఇంకో చోట. బ్రిటన్‌కు సరిగ్గా తలకిందుల పరిస్థితి ఇది. అక్కడ పని సొంత గడ్డ మీద, డబ్బు పరాయిది.

నాలుగు దశాబ్దాల ప్రయాణం

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు నగరం తెలుగువారికి దక్కలేదు. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాజధానిగా ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాష్ట్రానికి రాజధాని దొరికినా, సినిమా మాత్రం మద్రాసులోనే ఉండిపోయింది. ఎందుకంటే ఒక్కరే కదిలితే ప్రయోజనం లేదు. నటుడు వెళితే లేబొరేటరీ ఉండదు. స్టూడియో కడితే వాద్యబృందం ఉండదు. అందరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉంటారు.

ముందడుగు ఎవరో ఒకరు వేయాలి. హైదరాబాద్ అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చింది. పూర్తిగా హైదరాబాద్‌లో తయారైన మొదటి సినిమాగా ‘మా ఇంటి మహాలక్ష్మి’ (1959) పేరు పొందింది. 1960లలో అక్కినేని నాగేశ్వరరావు నివాసం హైదరాబాద్‌కు మార్చుకున్నారు. అగ్రనటుడు వచ్చాడంటే నిర్మాతలు కూడా రాక తప్పదు. 1964 నుంచి రాష్ట్ర ప్రభుత్వం నంది అవార్డులు ఇవ్వసాగింది. రాష్ట్రంలో తీసే చిత్రాలకు సబ్సిడీలిచ్చి ప్రోత్సహించింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో, ఎన్.టి. రామారావు స్థాపించిన రామకృష్ణ స్టూడియో వచ్చాయి. తర్వాత పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. 1990ల ఆరంభానికి తరలింపు దాదాపు పూర్తయింది. 1996లో రామోజీ ఫిలిం సిటీ ప్రారంభమైంది. రాష్ట్రం ఏర్పడ్డాక సినిమాకు సొంతిల్లు ఏర్పడటానికి నాలుగు దశాబ్దాలు పట్టిందన్నమాట.

సినిమా వ్యాపారంలోని మాటలు ఇప్పటికీ పాత చరిత్రనే మోస్తుంటాయి. పంపిణీదారులు తెలుగు నేలను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అంటూ ఏరియాలుగా పంచుకుంటారు. నైజాం అంటే నిజాం ఏలిన తెలంగాణ. సీడెడ్ అంటే 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న రాయలసీమ జిల్లాలు. కంపెనీ పోయింది, నిజాం పోయాడు, వసూళ్ళ లెక్కల్లో వారి సరిహద్దులు మిగిలాయి. ‘టాలీవుడ్’ అన్న పేరు కూడా మొదట మనది కాదు. 1932లో కలకత్తాలోని టాలీగంజ్ స్టూడియోలను ఉద్దేశించి పుట్టిన పేరు అది.

ఇల్లు దొరికాక

ఇంటికి వచ్చాక పోరాటం ముగిసిందా? లేదు. ఈసారి ప్రశ్న ఇంటి లోపలి నుంచే వచ్చింది. సినిమా తయారయ్యేది హైదరాబాద్‌లో. తెర మీద కథానాయకుడు మాట్లాడేది ఎక్కువగా కోస్తా యాస. తెలంగాణ యాస హాస్యగాడికో, ప్రతినాయకుడికో మిగిలిందని ఆ ప్రాంతపు రచయితలు, ప్రేక్షకులు ఎంతోకాలంగా బాధపడ్డారు. ఇందాక చెప్పుకున్న సూత్రం గుర్తుందా? హిందీ, తమిళ పరిశ్రమల నీడలోంచి బయటికి వచ్చిన పరిశ్రమే తన లోపలి మనుషుల మీద నీడ వేసింది.

దీనికి జవాబు చెప్పిన సినిమాలు ఉన్నాయి. తెలంగాణ సాయుధ పోరాటాన్ని చూపిన ‘మా భూమి’ 1979లో తయారైంది. నిర్మాతల్లో ఒకరు బి. నర్సింగరావు, దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ. హంగరీ కోర్డా బ్రిటిష్ సినిమా తీసినట్టే, బెంగాలీ దర్శకుడు తెలంగాణ సినిమా తీశాడు. గడీలోని దాసీ బతుకును నర్సింగరావు ‘దాసి’ (1988)లో చూపి జాతీయ గుర్తింపు తెచ్చారు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ఆ యాసలో కథానాయకులు, కథానాయికలు మాట్లాడటం మామూలైంది. తెలంగాణ పల్లెలో ఒక చావు చుట్టూ అల్లిన ‘బలగం’ (2023) చూసిన ఇతర ప్రాంతాలవారు కూడా, అది తమ ఇంటి కథే అనుకున్నారు.

మరోవైపు 2015లో ‘బాహుబలి’తో భాష కంచె కూడా తెరుచుకుంది. తెలుగు సినిమా హిందీలో, ఇంకా ఎన్నో భాషల్లో ఆడింది. 2023 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. సంతోషించదగిన విషయమే. అయితే బ్రిటన్ అనుభవం తెలిసిన మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. అందరికీ అర్థం కావాలని తీసే సినిమాలో మన ఊరి మాట, మన వీధి సంగతి ఎంత మిగులుతుంది? ముంబైలో జరిగే కథతో, భారతీయ రచయిత నవల ఆధారంగా, బ్రిటిష్ దర్శకుడు డానీ బాయిల్ తీసిన ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’ (2008) ఎనిమిది ఆస్కార్లు గెలిచింది. ఆ సినిమా ఎవరిదో మన నాలుగు ప్రశ్నలతో మీరే తేల్చి చూడండి.

తిరిగి తోంగ్‌పాల్‌కు

ఇప్పుడు బస్తర్‌కు వద్దాం. తోంగ్‌పాల్ పరిసరాల్లో తగరపు ఖనిజం దొరుకుతుంది. నేలలో ఖనిజం ఉన్నంత మాత్రాన లోహం తయారుకాదు, కొలిమి కావాలి. కథల సంగతీ అంతే.

బస్తర్ కథలు ప్రపంచానికి తెలియనివి కావు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డోర్ఫ్ నారాయణ్‌పూర్ దగ్గరి గఢ్‌బెంగాల్ ప్రాంతంలో మురియా గోండుల మధ్య ఉండి ఒక చిత్రం తీశాడు. అది 1957లో విడుదలైంది. ఇంగ్లీషులో దాని పేరు ‘ది ఫ్లూట్ అండ్ ది ఆరో’. సంగీతం పండిట్ రవిశంకర్‌ది. అందులో పులిపిల్లతో ఆడుకునే మురియా బాలుడు చెంద్రూ మండావి. అతని ముఖం ఐరోపా అంతా తెలిసింది. అతను స్వీడన్ కూడా వెళ్ళివచ్చాడు. ఆ తర్వాత ఊరికి తిరిగివచ్చి, పేదవాడిగానే బతికి, 2013లో కన్నుమూశాడు. ఆరు దశాబ్దాల తర్వాత దండకారణ్యంలో ఎన్నికల కథతో వచ్చిన ‘న్యూటన్’ (2017) ప్రధానంగా హిందీ సినిమా. ‘ఆర్ఆర్ఆర్’లోని ఒక నాయకుడు కొమరం భీమ్ గోండు వీరుడు. ఆ గోండు వీరుడి పేరు లోకమంతా తిరిగింది. కానీ సినిమా మాట్లాడింది తెలుగు.

2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షలు. ప్రపంచంలో ఎన్నో చిన్న దేశాల జనాభా ఇంతకంటే తక్కువ. కానీ వీరు అనేక రాష్ట్రాల్లో విడిపోయి ఉన్నారు. ఒక చోట తెలుగు, ఒక చోట మరాఠీ, మరో చోట హిందీ వారి బడిభాష. ధుర్వా మాట్లాడేవారి సంఖ్య ఇంకా తక్కువ. అందుకే వీరికి భాష ఉన్నా కంచెగా నిలిచే మార్కెట్ లేదు, స్టూడియో అనే ఇల్లూ లేదు.

మరి మార్గం లేదా? ఛత్తీస్‌గఢీ సినిమాను చూడండి. ఇంగ్లీషు సినిమాకు అమెరికా ఎలాగో, దీనికి హిందీ అలాగే. భాష దగ్గరిది, కంచె పలుచన. మనూ నాయక్ 1965లో తీసిన ‘కహి దేబే సందేశ్’ తొలి ఛత్తీస్‌గఢీ చిత్రం. 1971లో ‘ఘర్ ద్వార్’ వచ్చింది. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ సినిమా ఊపందుకోలేదు. 2000లో, కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాదే, ‘మోర్ ఛఁయ్యా భుఁయ్యా’ ఘనవిజయం సాధించి పరిశ్రమకు దారి వేసింది. 2021లో ప్రకటించిన జాతీయ పురస్కారాల్లో ‘భూలన్ ద మేజ్’ ఉత్తమ ఛత్తీస్‌గఢీ చిత్రంగా నిలిచింది. ఒక పరిశ్రమ మొదటి అడుగుకూ రెండో అడుగుకూ మధ్య ముప్పై ఏళ్ళు గడిచినా, మొదటి అడుగు వృథా పోలేదు.

ఇప్పుడు కెమెరా, ఎడిటింగ్ ఫోన్‌లోనే ఉన్నాయి. వెంకయ్యగారి కాలంలోలాగా ఫిలిం కడిగే లేబొరేటరీ కోసం నగరానికి వలస వెళ్ళనక్కర్లేదు. మన నాలుగు ప్రశ్నల్లో రెండోది, అంటే పని ఎక్కడ జరగాలన్నది, తేలికైంది. మొదటిది, నాలుగోది ఇంకా కష్టంగానే ఉన్నాయి. డబ్బు ఎవరు పెడతారు? ఎవరు చూపిస్తారు? బ్రిటన్‌లో ఈ పని ఒక టీవీ చానెల్ చేసింది. తెలుగునాట డిస్ట్రిబ్యూటర్లు, ప్రభుత్వం, ముందడుగు వేసిన నటులు కలిసి చేశారు. బస్తర్ భాషలకు కూడా ఎవరో ఒకరు చేయాలి.

గుర్తుంచుకోవలసినవి

బ్రిటన్‌కు ఇల్లు ఉంది, కంచె లేదు. తెలుగుకు కంచె ఉంది, ఇల్లు చాలా ఆలస్యంగా వచ్చింది. ఛత్తీస్‌గఢీకి రెండూ ఇప్పుడిప్పుడే ఏర్పడుతున్నాయి. గోండీ, ధుర్వా భాషలకు రెండూ ఇంకా రావాలి. చట్టం సాయపడుతుంది, కానీ చట్టం ఒక్కటే సరిపోదు. ఇల్లు దొరికిన పరిశ్రమ, ఆ ఇంట్లో ఎవరికి చోటు లేదో కూడా చూసుకోవాలి.

మీరే ఆలోచించండి

1. మీరు ఈమధ్య చూసిన ఒక సినిమాను తీసుకుని నాలుగు ప్రశ్నలు వేయండి. జవాబులు ఒకే చోటికి వస్తున్నాయా?
2. మీ ఇంట్లో పెద్దవారు మాట్లాడే యాస సినిమాలో ఎవరి నోట వినిపిస్తోంది? నాయకుడి నోటా, హాస్యగాడి నోటా?
3. మీ ఊరి కథ ఒకటి పది నిమిషాల చిత్రంగా తీయాలంటే ఏ భాషలో తీస్తారు? ఎందుకు? మొదట ఎవరికి చూపిస్తారు?

మూడో ప్రశ్నకు జవాబు రాసి ఊరుకోకండి. వీలైతే తీసి చూడండి.